సైకిల్ దారి లేని రోడ్ల మీద సైకిల్: తిరుపతి, చిత్తూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలోనో చిత్తూరులోనో కొత్తగా సైకిల్ పట్టినవాళ్లకు వచ్చే సందేహాలు ఏడాది పొడవునా అవే. ఒకరికి చెప్పిన వారంలోపే ఇంకొకరు అదే అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. కొనడం నుంచి మొదలుపెట్టి దశలవారీగా ఉన్నాయి కానీ ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. అన్నింటి అడుగునా ఉన్న మాట మాత్రం ఒకటే. సైకిల్‌కి విడిగా దారి లేని ఊర్లో రోడ్డు అంచు మనల్ని కాపాడదు. వెనక వచ్చే మనిషికి మనం కనపడాలి, మనం ఎటు పోతున్నామో అతనికి ముందే తెలియాలి. కాపాడేవి ఆ రెండే.

## కొనక ముందు

సైకిల్ ట్రాకే లేని ఊర్లో సైకిల్ తొక్కడం తెలివైన పనేనా?

పాల క్యాన్లు కట్టుకుని పోయేవాళ్లు, తెల్లవారుజామున పేపర్ వేసే పిల్లలు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్లు ఈ రోడ్ల మీద రోజూ తొక్కుతూనే ఉన్నారు. వాళ్లను ఎవరూ ఈ ప్రశ్న అడగరు. ఊరు చిన్నది కావడం మనకు కలిసొచ్చే విషయం. అలిపిరి నుంచి తిరుచానూరు దాకా పది కిలోమీటర్ల లోపే. ఊరు లోపల బండ్ల వేగం తక్కువ కాబట్టి చాలావరకు గీసుకోవడాలు, పడిపోవడాలతో పోతుంది. ప్రాణం మీదికి వచ్చేవి ఎక్కువగా ఊరు దాటాక వేగంగా పోయే రోడ్ల మీద, చీకట్లో జరుగుతాయి. అందుకని మొదటి కొన్ని నెలలు పగటిపూట, ఊరు లోపలే తొక్కండి.

గేర్ సైకిల్ కొనాలా, మామూలుది చాలా?

గేర్ల కన్నా ముందు టైరు చూడండి. సన్న టైర్ల రేసు సైకిల్ మన రోడ్లకు వద్దు. గుంత అంచు తగిలితే ట్యూబు నలిగి పంచరవుతుంది, కాలువ మూత సందులో చక్రం దిగుతుంది. 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరుంటే గుంతనూ ఓర్చుకుంటుంది, బరువుగానూ అనిపించదు. ముందు చక్రానికి సస్పెన్షన్ ఉన్న చౌక సైకిళ్లు చూడ్డానికి బాగుంటాయి గానీ ఆ స్ప్రింగు బరువు తప్ప ఒరిగేది తక్కువ. అదే డబ్బుకు గట్టి ఫ్రేము, మంచి బ్రేకులు వస్తాయి.

తిరుపతి టౌను చాలావరకు చదును, కొండ వైపు పోయే కొద్దీ ఎత్తు పెరుగుతుంది. చిత్తూరులో ఎత్తుపల్లాలు ఎక్కువ. వెనక ఏడు గేర్లుంటే రెండు ఊర్లకూ సరిపోతుంది. ఆఫీసుకు, అంగడికి మాత్రమే అయితే గేర్లు లేని మామూలు సైకిలే నయం, రిపేరు ఏ వీధిలోనైనా అవుతుంది. ట్యూబు వాల్వు మోటార్ సైకిల్‌కి ఉండేలాంటిదే అడగండి. సన్నగా పొడుగ్గా ఉండే వాల్వుకు పెట్రోల్ బంకులో గాలి పట్టదు, అడాప్టరు జేబులో పెట్టుకు తిరగాలి.

ఇంట్లో పదేళ్ల పాత సైకిల్ ఉంది. రోడ్డెక్కే ముందు ఏం చేయించాలి?

ముందు బ్రేకులు. బ్రేకు లివరు దగ్గర తీగ బయటికి వచ్చే చోటును వెలుతురులో పట్టుకుని చూడండి. సన్న పోగుల్లో ఒక్కటి తెగి పైకి లేచినా ఆ తీగ మార్చాల్సిందే, మిగతావి తెగడానికి ఎంతో కాలం పట్టదు. బ్రేకు రబ్బర్లు గాజులా గట్టిపడి ఉంటే అవీ మార్చండి, జత వంద రూపాయల దగ్గరలో దొరుకుతుంది. టైరు పక్కల్లో పగుళ్లుంటే గాలి కొట్టి లాభం లేదు. చైను కడిగించి నూనె వేయించండి. హ్యాండిల్ అటూ ఇటూ ఆడితే బేరింగు గుండ్లు చూడమనండి. చివరగా సీటు. పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే మడతపడాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్ల నొప్పి ఖాయం.

సైకిల్‌కి లైసెన్సు, ఇన్సూరెన్సు కావాలా? హెల్మెట్ రూలుందా?

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం మామూలు సైకిల్ మోటారు వాహనం కాదు. లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు ఏదీ అక్కర్లేదు. హెల్మెట్ కూడా చట్టం అడగదు. అయినా పెట్టుకోండి. సైకిల్ మీద నుంచి పడేటప్పుడు చాలాసార్లు తల పక్కగా రోడ్డుకు తగులుతుంది, ఆ దెబ్బకే హెల్మెట్ చేసి ఉంటుంది. మోటార్ సైకిల్ హెల్మెట్ ఇక్కడి ఎండకు, తొక్కే చెమటకు భరించలేం. గాలి ఆడే సైకిల్ హెల్మెటే కొనండి. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నదాన్ని మళ్లీ వాడొద్దు.

## రోడ్డెక్కిన తొలి రోజుల్లో

రోడ్డుకు ఎంత ఓరగా పోవాలి? ఎంత అంచుకు పోతే అంత మంచిదే కదా?

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే. ఏదైనా మెయిన్ రోడ్డు ఎడమ అంచున ఒక్క నిమిషం నిలబడి కిందికి చూడండి. చక్రాలు ఊడ్చి పక్కకు నెట్టిన ఇసుక, కంకర, సీసా పెంకులు, సెంట్రింగ్ కమ్మీల ముక్కలు, గుడి దగ్గరైతే కొబ్బరి చిప్పలు అన్నీ అక్కడే పేరుకుని ఉంటాయి. తారు ఒకచోట ఆగిపోయి మట్టిలోకి నాలుగు వేళ్ల లోతు దిగుడు ఉంటుంది. కాలువ మూతలు అక్కడే, ఆగిన బండ్లు అక్కడే, పక్క సందులోంచి చూడకుండా వచ్చే స్కూటరు ముందు చక్రం కనపడేదీ అక్కడే.

ఆ అంచు పట్టుకుని పోతే ప్రతి పది గజాలకూ ఏదో ఒకటి అడ్డొస్తుంది. దాన్ని తప్పించడానికి ఉన్నట్టుండి కుడికి వస్తారు. వెనక వచ్చే బస్సు డ్రైవరుకు మీరు అలా వస్తారని తెలిసే వీలే లేదు. చాలా ప్రమాదాలు ఆ ఒక్క వంకరలోనే ఉన్నాయి.

అందుకని తారు అంచు నుంచి మూడడుగులు లోపలికి, ఒకే గీత మీద పోతున్నట్టుగా తొక్కండి. ఆగిన కార్ల వరస పక్కన పోతుంటే తలుపు తెరిస్తే పట్టేంత దూరం వదలండి, అదీ మూడు నాలుగు అడుగులే. రెండు ఆగిన కార్ల మధ్య ఖాళీ కనిపించిందని లోపలికి దూరి మళ్లీ బయటికి రావొద్దు. గాంధీ రోడ్డులాంటి ఇరుకు చోట్ల, వెనక బండికి మిమ్మల్ని దాటే స్థలం నిజంగానే లేనప్పుడు, కాసేపు మీ లేన్ మధ్యలోకి వచ్చేయండి. అంచున ఉంటే దాటడానికి ప్రయత్నిస్తారు, మధ్యలో ఉంటే ఆగుతారు. ఇరుకు దాటగానే పక్కకు తప్పుకుని దారి ఇవ్వండి. మనకూ మర్యాద ఉండాలి.

వెనక నుంచి హారన్ కొడుతూనే ఉంటే మట్టిలోకి దిగిపోవాలా?

మన దగ్గర హారన్‌కు చాలాసార్లు "నేను వస్తున్నాను" అనే అర్థం. కోపం అనుకుని కంగారు పడొద్దు, వెనక్కి తిరిగి చూస్తూ వంకర పోవద్దు. ఉన్న గీత మీదే, ఉన్న వేగంతోనే పోండి. ఆ నిలకడ చూసే వెనక మనిషి ఎలా దాటాలో లెక్క వేసుకుంటాడు. ఒక్క సందర్భం వేరు. ఘాట్ మలుపులోనో ఇరుకు వంతెన మీదో వెనక లారీ వేగం తగ్గించకుండా, హారన్ ఆపకుండా దగ్గరికి వచ్చేస్తుంటే బ్రేకు పట్టి, కాలు కింద పెట్టి, పూర్తిగా ఆగి దిగిపోండి. నడుస్తున్న సైకిల్‌ని తారు నుంచి మట్టిలోకి దించితే ఆ దిగుడులో చక్రం పక్కకు కోసుకుపోయి బండి కిందే పడతారు.

ఎదురుగా వచ్చే బండ్లు కనిపిస్తాయి కదా, కుడి పక్కన పోతే సేఫ్ కాదా?

కాదు. నడిచేవాళ్లకు ఆ సలహా సరే, సైకిల్‌కి ప్రమాదం. ఎదురెదురుగా వస్తుంటే రెండు వేగాలూ కలుస్తాయి, తప్పుకునే సమయం తగ్గిపోతుంది. పైగా పక్క సందులోంచి రోడ్డెక్కేవాళ్లు బండ్లు వచ్చే దిక్కే చూస్తారు, మీ దిక్కు చూడరు. డివైడర్ చుట్టి రావడం బద్ధకమై రాంగ్ రూట్‌లో పోవడం మన ఊర్లో అలవాటుగా మారింది. కొద్ది దూరమే అయితే దిగి, సైకిల్ నడిపించుకుంటూ పోండి.

చేత్తో సిగ్నల్ ఇస్తే ఎవరైనా పట్టించుకుంటారా?

పట్టించుకుంటారు, కాకపోతే ముందుగా ఇవ్వాలి. తిరగబోయే చోటుకు ముప్పై నలభై అడుగుల ముందు భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూడండి. ఆ చూపే వెనక వాళ్లకు సగం విషయం చెబుతుంది. తర్వాత చేయి చాపి, రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకున్నాకే తిరగండి. వెనక్కి చూస్తే సైకిల్ వంకర పోతోందా? ఆదివారం పొద్దున ఏదైనా ఖాళీ మైదానంలో ఒక గీత గీసుకుని, దాని మీదే పోతూ వెనక్కి చూడడం అలవాటు చేసుకోండి. హ్యాండిల్‌కి చిన్న అద్దం పెట్టుకున్నా మంచిదే గానీ చూపుకు అది బదులు కాదు.

## ఊరు లోపల

తిరుపతిలో ఏ టైములో, ఏ దారిన పోతే నయం?

తెల్లవారి ఐదున్నర నుంచి ఏడున్నర దాకా రోడ్లు మనవే. ఎనిమిదిన్నర నుంచి పది దాకా బడి బస్సులు, ఆఫీసు బండ్లు, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా రైల్వే స్టేషన్, బస్టాండు, లీలామహల్ చుట్టుపక్కల రద్దీ. దారి ఎంచుకునేటప్పుడు దగ్గరి దారి అని చూడకండి, మెల్లగా పోయే దారి చూడండి. రెండు మెయిన్ రోడ్ల మధ్య కాలనీ వీధుల గుండా దాదాపు ఎక్కడికైనా పోవచ్చు. ఓ కిలోమీటరు ఎక్కువైనా మనసు కుదుటగా ఉంటుంది.

వారాంతాలు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, మే నెలలో గంగమ్మ జాతర రోజులు వేరు. బయటి ఊర్ల డ్రైవర్లు ఫోనులో దారి చూసుకుంటూ ఉన్నట్టుండి ఆగుతారు, ఉన్నట్టుండి తిరుగుతారు. ఆ రోజుల్లో ముందు కారుకు మామూలు కన్నా రెండింతల దూరం వదలండి.

శ్రీనివాస సేతు పైన పోవచ్చా, కింద పోవాలా?

కింద పోండి. ఫ్లైఓవర్ మీద సైకిల్ ఆగడానికి పక్క చోటు లేదు, ఎక్కేటప్పుడు మన వేగం బాగా పడిపోతుంది, వెనక వచ్చేవాళ్లు సిగ్నల్ లేదన్న ధీమాతో వేగం పెంచి వస్తారు. పంచరైతే నడిపించుకు రావడానికి కూడా దారి ఉండదు. కింద దారిలో ఉన్న ఇబ్బంది స్తంభాలు. వాటి మధ్య సందుల్లోంచి యూ టర్న్ తీసుకునే ఆటో, స్కూటరు చివరి క్షణం దాకా కనపడవు. ప్రతి సందు దగ్గరా పెడల్ ఆపి, వేళ్లు బ్రేకు మీద పెట్టుకుని దాటండి.

షేర్ ఆటోలు మన ముందుకొచ్చి టక్కున ఆపేస్తా ఉంటే ఏం చేసేది?

ఆటో ముందుకు రావడం కన్నా ముందు, రోడ్డు పక్క నిలబడ్డ మనుషులను చూడండి. ఎవరైనా చేయి ఎత్తారంటే మీ పక్కనున్న ఆటో ఎడమకు కోసుకొస్తుంది. లోపల కూర్చున్నవాళ్లు సర్దుకుంటున్నా, డ్రైవరు వెనక్కి తల తిప్పి మాట్లాడుతున్నా అంతే. ఆగిన ఆటోను ఎడమ నుంచి దాటొద్దు, దిగేవాళ్లు మీ మీదికే దిగుతారు. ఆర్టీసీ బస్సుకూ ఇదే వర్తిస్తుంది. బస్సు ఆగితే వెనకే ఆగండి, అర నిమిషంలో కదులుతుంది.

పెద్ద సర్కిల్‌లో కుడికి తిరగాలంటే భయం. ఎలా?

రెండు విడతల్లో తిరగండి. నేరుగా పోయే వాళ్లతో కలిసి సర్కిల్ దాటి, అవతలి ఎడమ మూలలో ఆగి, సైకిల్‌ని కుడి దిక్కుకు తిప్పుకుని, ఆ వైపు సిగ్నల్ పడగానే నేరుగా పొండి. ఒక నిమిషం ఆలస్యమవుతుంది, నాలుగు వరసల బండ్ల మధ్యలో నిలబడే అవసరం తప్పుతుంది. చిత్తూరు గాంధీ విగ్రహం దగ్గరలా సందడిగా ఉండే చోట దిగి నడిపించుకుని దాటినా తప్పేమీ లేదు.

కాలువ మూతలు, స్పీడ్ బ్రేకర్లు ఎలా దాటాలి?

కమ్మీల మూతల్లో సందులు రోడ్డు పొడవునా ఉంటే చక్రం అందులో ఇరుక్కుంటుంది. వాటి పక్క నుంచే పోవాలి, తప్పనప్పుడు అడ్డంగా కోసి దాటాలి. రైలు పట్టాలకూ అంతే, పట్టాకు సూటిగా అడ్డంగా వచ్చి దాటాలి, వాన పడితే దిగాలి. స్పీడ్ బ్రేకర్ చివర కాలువ పక్కన చిన్న ఖాళీ వదులుతారు. అందులోంచి దూరిపోవాలని అందరికీ అనిపిస్తుంది, మోటార్ సైకిళ్లకూ అనిపిస్తుంది. ఆ చోటుకే ఇద్దరూ ఒకేసారి వస్తారు. బ్రేకరు మీద నుంచే, సీటు నుంచి కొద్దిగా లేచి, మోచేతులు వదులుగా పెట్టి పొండి.

మా పాప ఎనిమిదో తరగతి. బడికి సైకిల్ మీద పోతానంటోంది, పంపొచ్చా?

పంపండి, ముందు వారం రోజులు మీరూ ఆమె వెనకే తొక్కుతూ వెళ్లండి. దారి మీరు కాదు, ఆమెనే చెప్పమనండి. ఎక్కడ తడబడుతోందో మీకు కనిపిస్తుంది. చున్నీ వెనక చక్రంలో చుట్టుకుంటే మెడ బిగుసుకుంటుంది, ఇది మామూలు ప్రమాదం కాదు. చున్నీని నడుముకు ముడి వేయడమో, సంచిలో పెట్టడమో అలవాటు చేయండి. వెనక చక్రానికి పక్క జాలీ పెట్టించండి. పుస్తకాల సంచి వీపు మీద వద్దు, క్యారియర్‌కి కట్టాలి. వీపు మీది బరువుకు పిల్లలు వెనక్కి తిరిగి చూడలేరు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి పోతే మంచిదే గానీ కబుర్లు చెప్పుకుంటూ పక్కపక్కనే కాకుండా ఒకరి వెనక ఒకరు పోవాలి.

## ఊరు దాటాక

హైవే మీద సైకిల్ తొక్కితే పోలీసులు ఆపుతారా?

మామూలు నేషనల్ హైవే మీద సైకిల్‌ను మొత్తంగా నిషేధించే చట్టం లేదు. బోర్డు పెట్టి వద్దన్న చోటుకు, అన్ని వైపులా కంచె వేసిన ఎక్స్‌ప్రెస్‌వేల మీదికి మాత్రం పోకూడదు. చిత్తూరు జిల్లా మీదుగా వేస్తున్న బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే ఆ రకమే. తిరుపతి–చిత్తూరు దారి దాదాపు డెబ్బై కిలోమీటర్లు. సర్వీస్ రోడ్డు ఉన్నంత మేరా దాని మీదే పొండి. లేని చోట తెల్ల గీతకు ఎడమ పక్కన తారు ఉంటుంది, అక్కడ పోవచ్చు. అయితే ఆగిన లారీ వచ్చినప్పుడు దాన్ని దాటడానికి గీత లోపలికి రావాలి. చాలా ముందుగానే వెనక్కి చూసుకుని, ఖాళీ దొరికాకే రండి. ఖాళీ లేకపోతే లారీ వెనక ఆగండి.

లారీ పక్క నుంచి పోతే లోపలికి లాగేసినట్టు అవుతుంది, నిజమేనా?

నిజమే. పెద్ద బండి ముందు భాగం గాలిని పక్కకు తోస్తుంది, అది దాటిపోయాక ఆ ఖాళీలోకి గాలి తిరిగొస్తుంది. మొదట బయటికి నెట్టినట్టు, వెంటనే లోపలికి లాగినట్టు అనిపించేది అందుకే. లారీ శబ్దం వినగానే హ్యాండిల్ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, కొద్దిగా ముందుకు వంగి, పెడల్ ఆపకుండా తొక్కండి. ఒంటి చేత్తో నీళ్లు తాగడం అప్పుడు వద్దు. ఒక లారీ వెనకే ఇంకోటి ఉంటుందని ఎప్పుడూ అనుకోండి.

మామిడి కాయల సీజన్‌లో చిత్తూరు రోడ్లు ఎందుకంత ఇబ్బంది?

జూన్, జులైలలో తోతాపురి కోతకొస్తుంది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు, దామలచెరువులాంటి మార్కెట్ల దగ్గర ట్రాక్టర్లు రోడ్డు పొడవునా వరస కడతాయి. రైతులు పాపం రోజుల తరబడి ఆ వరసలోనే ఉండాల్సి వస్తుంది. చాలా ట్రాలీలకు వెనక లైటు ఉండదు. చీకట్లో నల్లటి ట్రాలీ అంచు మన ముఖం ఎత్తులో ఉంటుంది. రాలి నలిగిన కాయల టెంక, తోలు మీద చక్రం జారుతుంది. ఆ రెండు నెలలూ ఆ దారుల్లో పొద్దుగూకాక తొక్కొద్దు.

కొత్తవాళ్లం, ఆదివారం పొద్దున ఎటు పోతే బాగుంటుంది?

తిరుపతి వాళ్లు శ్రీనివాస మంగాపురం, అక్కడి నుంచి చంద్రగిరి కోట. రాజమహల్ ముందు చెట్టు కింద కూర్చుని టిఫిన్ కట్ట విప్పి తినే సుఖం కారులో వచ్చినవాళ్లకు ఉండదు. చిత్తూరు వాళ్లకు కాణిపాకం పదకొండు, పన్నెండు కిలోమీటర్లు, పొలాల మధ్య పోయే దారి. ఎండ ముదరకముందే, ఎనిమిదిన్నరకల్లా తిరుగు ప్రయాణం మొదలుపెట్టండి.

తిరుమల ఘాట్ రోడ్డు సైకిల్ మీద ఎక్కాలని ఉంది. ఎలా?

రెండు ఘాట్ రోడ్లలో పాతది 1944లో, కొత్తది 1974లో వచ్చాయి. కొత్తదాని మీద ఎక్కుతారు, పాతదాని మీద దిగుతారు, దాదాపు పద్దెనిమిది కిలోమీటర్లు. ఎవరిని ఎప్పుడు వదలాలన్నది అలిపిరి టోల్‌గేట్ భద్రతా సిబ్బంది చేతుల్లో ఉంటుంది. ముందు రోజే వెళ్లి అడిగి, వాళ్లు చెప్పినట్టు చేయండి. ఎక్కడం శ్రమే గానీ ప్రమాదమంతా దిగడంలో ఉంది. ఆపకుండా బ్రేకు నొక్కి పట్టుకుంటే రిమ్ము వేడెక్కి, బ్రేకు పట్టు తగ్గుతుంది, ట్యూబు పేలే ప్రమాదమూ ఉంది. ఏ కొండ దిగినా సరే, మలుపుకు ముందే వేగం తగ్గించుకుని, మలుపులో బ్రేకు వదిలి, మధ్యలో రెండు మూడు సార్లు ఆగి రిమ్ము చల్లారనివ్వండి.

కుక్కలు వెంటపడతాయి. ఏం చేయాలి?

వేగం పెంచితే అవీ పెంచుతాయి. ఆగి, దిగి, కుక్కకూ మీకూ మధ్య సైకిల్ ఉండేలా నిలబడి గట్టిగా అదిలించండి. పరుగు ఆగిపోతే చాలావాటికి ఆసక్తి పోతుంది. నడిచి వాటి వీధి దాటాక మళ్లీ ఎక్కండి. కరిచినా, గోరు గీసుకున్నా సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి పోండి. తిరుపతిలో అయితే రుయా. రేపు చూద్దాం అనకండి, సూదుల వరస మధ్యలో ఆపకండి.

జూ పార్కు రోడ్డులో చిరుత తిరుగుతుందంటారు. పొద్దున్నే పోవచ్చా?

శేషాచలం కొండ అంచున ఉన్న దారులన్నీ చిరుతల తిరుగుడు ప్రాంతాలే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక పాప చనిపోయింది. కొండ పక్క దారుల్లో పూర్తిగా తెల్లవారాకే, ఇద్దరు ముగ్గురు కలిసి పొండి. పిల్లలను వెనక వదిలి మీరు ముందుకు పోవద్దు. కనిపిస్తే పరుగెత్తొద్దు, వంగొద్దు. నిటారుగా నిలబడి, గట్టిగా అరుస్తూ, దాన్నే చూస్తూ మెల్లగా వెనక్కి జరగండి.

## చీకటి, వాన, ఎండ

రాత్రి తొక్కాలంటే ఎలాంటి లైట్లు పెట్టాలి?

వెనక ఎర్ర లైటు ముందు కొనండి, ముందు తెల్ల లైటు తర్వాత. వీధి దీపాలున్న చోట మనకు రోడ్డు ఎలాగూ కనిపిస్తుంది, వెనక వాళ్లకు మనం కనపడడమే కష్టం. వెనక లైటు సీటు కింద, నేరుగా వెనక్కి చూసేలా ఉండాలి. చొక్కా చివర దాన్ని కప్పేస్తుంది, చూసుకోండి. మడమలకు, పెడళ్లకు మెరిసే టేపు అంటించండి. పైకీ కిందికీ కదిలే మెరుపు చూడగానే అది సైకిల్ అని డ్రైవరుకు తెలిసిపోతుంది. ఎదుటి బండి హైబీమ్ కళ్లలో పడితే దాన్ని చూడకుండా ఎడమ పక్క తెల్ల గీతను చూస్తూ పొండి. తమిళుల పెరటాసి నెలలో, బ్రహ్మోత్సవాలప్పుడు తమిళనాడు వైపు నుంచి భక్తులు రాత్రుళ్లు కాలినడకన వస్తారు. ఆ దారుల్లో మెల్లగా, బెల్లు కొడుతూ పొండి.

వానలో తొక్కొచ్చా?

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా ఏరులయ్యాయో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. నియమం ఒక్కటే: అడుగు కనపడని నీళ్లలోకి చక్రం దించొద్దు. మూత కొట్టుకుపోయిన కాలువ పైకి చిన్న మడుగులాగే ఉంటుంది. వెస్ట్ చర్చి దగ్గరలాంటి రైల్వే అండర్‌బ్రిడ్జిల్లో నీళ్లు నిలిస్తే వెనక్కి తిరిగి వేరే దారి పట్టండి. మామూలు జల్లులో తొక్కొచ్చు గానీ మొదటి పది నిమిషాలు రోడ్డు మీది నూనె తేలి బాగా జారుతుంది. జీబ్రా గీతల తెల్ల రంగు, ఇనుప మూతలు కూడా అంతే. తడిసిన రిమ్ముకు బ్రేకు ఆలస్యంగా పడుతుంది కాబట్టి ముందే పట్టడం మొదలుపెట్టండి.

మే నెల ఎండలో ఎలా?

నలభై డిగ్రీలు దాటే రోజుల్లో తొమ్మిది లోపల, సాయంత్రం ఐదు తర్వాత మాత్రమే. బయల్దేరే ముందే ఒక గ్లాసు నీళ్లు, దారిలో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ. రాగి అంబలి తాగి తొక్కితే కడుపులో బరువు లేకుండా రెండు గంటలు నిలబెడుతుంది, మన నేలకు అంతకన్నా మంచి పానీయం నాకు తెలియదు. చెమట ఆగిపోయి, తల తిరిగి, ఒళ్లు కాలుతుంటే అది అలసట కాదు, వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి ఒంటి మీద నీళ్లు పోసి, 108కి ఫోన్ చేయాలి.

## ఏదైనా జరిగితే

దారిలో పంచరైతే? మాటిమాటికీ ఎందుకు అవుతోంది?

ఒక స్పేర్ ట్యూబు, టైరు విప్పే రెండు ప్లాస్టిక్ లివర్లు, చిన్న పంపు ఉంటే పావుగంట పని. ట్యూబు మార్చే ముందు టైరు లోపల బొటనవేలుతో మెల్లగా తడిమి, గుచ్చుకున్న ముల్లో తీగో తీసేయండి. తీయకపోతే కొత్త ట్యూబూ పోతుంది. ట్యూబుకు పక్కపక్కనే రెండు చీలికలుంటే ముల్లు కాదు, గాలి తక్కువై గుంత అంచున నలిగింది. 35–40 మిల్లీమీటర్ల టైరుకు మామూలు బరువు మనిషికి గాలి ఒత్తిడి 45 నుంచి 60 పీఎస్‌ఐ ఉండాలి, వారానికోసారి చూడాలి. లారీలకు గాలి కొట్టే కంప్రెసర్‌తో పట్టిస్తే పక్కనే నిలబడి కొద్దికొద్దిగా పట్టమనండి, సైకిల్ ట్యూబు పేలడానికి క్షణం చాలు.

బండి గుద్దేసి పోయింది. ఏం చేయాలి? సైకిల్‌కి ఇన్సూరెన్సు లేదు కదా, ఏమైనా వస్తుందా?

ముందు 108 లేదా 112. హైవే మీదైతే 1033 కూడా పనిచేస్తుంది. తలకు దెబ్బ తగిలితే పైకి బాగున్నట్టు అనిపించినా డాక్టరుకు చూపించాల్సిందే. మోటారు వాహనం వల్ల జరిగిన ప్రమాదాల్లో నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025 మే నుంచి అమల్లో ఉంది. లిస్టులోని ఆసుపత్రిలో ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు.

మన సైకిల్‌కి ఇన్సూరెన్సు లేకపోయినా, గుద్దిన బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. దాని మీద ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేయొచ్చు. నంబరు దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకం ఉంది. 2022 ఏప్రిల్ నుంచి చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు. ఏదైనా రావాలంటే పోలీసు ఎఫ్ఐఆర్, వైద్య కాగితాలు ఉండాలి. ముందు సైకిల్‌ని ఉన్నది ఉన్నట్టు నాలుగు ఫోటోలు తీసి పెట్టండి, రిపేరు సంగతి ఆ తర్వాతే. "చిన్నదే కదా" అని రోడ్డు మీదే రాజీ పడి పోయాక సాయంత్రానికి చేయి వాచినవాళ్లు చాలామంది ఉన్నారు.

సాయం చేయడానికి ఆగినవాళ్లూ భయపడక్కర్లేదు. 2019లో చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ వాళ్లకు రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు.

మా వీధి చివర కాలువ మూత లేదు, ఎన్నాళ్లుగానో అలాగే ఉంది. ఎవరిని అడగాలి?

ముందు రోడ్డు ఎవరిదో తెలుసుకోవాలి. ఊరి వీధులైతే మున్సిపల్ కార్పొరేషన్, జిల్లా రోడ్లయితే ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ), నేషనల్ హైవే అయితే 1033. మీ వార్డు సచివాలయంలో ఇంజనీరింగ్ పని చూసే సెక్రటరీకి రాసి ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. అర్జీలో "రోడ్లు బాగాలేవు" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ వీధి, ఎవరి ఇంటి ఎదురుగా, ఎంత వెడల్పు గుంత, పగలొక ఫోటో, రాత్రొక ఫోటో పెట్టండి. సైకిల్ తొక్కే పిల్లలు రోజూ ఆ దారినే బడికి పోతున్నారని రాయండి. నలుగురు తల్లిదండ్రుల సంతకాలు ఉంటే ఇంకా మంచిది. మూత పడేదాకా ఆ గుంతలో ఒక కొమ్మ నిలబెట్టి, దానికి ఎర్ర గుడ్డ కట్టి రండి.